ముత్తాత పేరు దొరకాలంటే: చిత్తూరు, తిరుపతి వైపు పాత భూమి రికార్డులు చూసే పద్ధతి

జనాభా లెక్కల్లో మా ముత్తాత పేరు చూడాలి, ఎక్కడికి పోవాలి అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్లకు నేను చెప్పే మొదటి మాటే చేదుగా ఉంటుంది. ఎక్కడికీ పోవద్దు, ఆ పేరు దొరకదు. అమెరికాలో 72 ఏళ్లు, ఇంగ్లండులో 100 ఏళ్లు గడిస్తే జనాభా లెక్కల కాగితాలు ఇంటింటి పేర్లతో సహా బయటపెడతారు, అక్కడ ఉంటున్న మన పిల్లలు అది చూసి ఇక్కడా అంతే అనుకుంటారు. మన దగ్గర 1948 నాటి జనాభా లెక్కల చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటికొచ్చి రాసుకుపోయిన కాగితాన్ని ఎవరూ చూడటానికి లేదు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లదు. అంతకుముందు 1871 నుంచి తెల్లదొరలు పదేళ్లకోసారి రాయించినవి కూడా మొత్తాలు కట్టుకున్నాక దాచిపెట్టలేదు. మనకు మిగిలింది అంకెలే.

పేర్లు దాచింది రెవెన్యూ వాళ్లు. ప్రేమ కొద్దీ ఏమీ కాదు, శిస్తు ఎవరి దగ్గర వసూలు చెయ్యాలో రాసుకోకపోతే సర్కారుకు పూట గడవదు కాబట్టి. అందుకే మీరు వెతకాల్సింది ముందు మీ ముత్తాతను కాదు, ఆయన దున్నిన చేను సర్వే నంబరును. నంబరు పట్టుకొని వెనక్కి నడిస్తే మనుషులు వాళ్లంతట వాళ్లే బయటికొస్తారు. మాది పాత చంద్రగిరి తాలూకాలో చిన్న పల్లె, ఉండేది తిరుపతిలో, ఈ పిచ్చి పట్టి ఏడేళ్లయింది. అందులో మొదటి రెండేళ్లు పేరు పట్టుకొని తిరిగి వృథా చేసుకున్నాను.

ముందు ఇంట్లో

ఆఫీసుకు పోయేముందు ఇంట్లో ట్రంకు పెట్టె తెరవండి. శిస్తు రసీదులు, పాత పాసుపుస్తకం, నూనె మరకలు పడిన దస్తావేజులు, పెళ్లి శుభలేఖలు, తాతగారి స్కూలు సర్టిఫికెట్టు, ఏది దొరికినా ముందు ఫోటో తీసుకోండి. మడతల దగ్గర చిరిగిపోతున్నవాటికి టేపు అంటించొద్దు. మా చిన్నాయన ఆ మంచి పని చేసి 1941 కాగితంలో రెండు వరుసలు శాశ్వతంగా పోగొట్టాడు.

తద్దినాలు పెట్టే ఇల్లయితే పురోహితుడిని అడగండి. తండ్రి, తాత, ముత్తాత, మూడు తరాల పేర్లు చెప్పకుండా ఆ కార్యం జరగదు కాబట్టి కొందరు పురోహితులు ఆ పేర్లు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకుంటారు. గయకు, కాశీకి పోయొచ్చిన పెద్దలుంటే అక్కడి పండాల (తీర్థ పురోహితుల) పుస్తకాల్లో కూడా ఊరు, పేరు ఎక్కి ఉండొచ్చు.

తర్వాత ముసలివాళ్లు. వాళ్లను పేర్లు అడగొద్దు, తడబడతారు, పైగా అవ్వలు కొందరు ఇప్పటికీ మామగారి పేరు నోటితో పలకరు. చేలు అడగండి. “అవ్వా, మనకు చెరువు కింద ఎంత ఉండేది? గుడికాడ మడి ఎవరి భాగానికి వచ్చింది? బావి చేను ఎందుకు అమ్మారు?” అని అడిగితే వద్దన్నా ఆగకుండా చెప్తారు. మా జేజి తన మామ పేరు చెప్పలేదు గానీ, చింతమాను చేను ఏ బావమరిది పెళ్లి కోసం భోగ్యానికి పెట్టారో, ఎన్నేళ్లకు విడిపించుకున్నారో, ఆ ఏడాది వాన పడిందో లేదో కూడా చెప్పింది. ఆ చేనే నాకు దారి చూపించింది.

ఊరు అప్పుడు ఎక్కడుండేది

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ సగం మంది ఇక్కడే తప్పిపోతారు. చిత్తూరు జిల్లా పుట్టింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి, మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో. తిరుపతి అప్పట్లో చంద్రగిరి తాలూకాలో భాగం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది, సత్యవేడు వైపు ఊళ్లు చెంగల్పట్టు జిల్లా నుంచి మనకు వచ్చాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది, మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది.

దీనర్థం ఏమిటంటే ఊరు కదలకపోయినా దాని కాగితాలు కదిలాయి. మీ పల్లె ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా పాత ఫైలు చిత్తూరు కలెక్టరేట్ రికార్డు రూములో ఉండొచ్చు, ఇంకా పాతదైతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉండొచ్చు, ఎందుకంటే మద్రాసు ప్రెసిడెన్సీ నాటి ప్రభుత్వ రికార్డులు అక్కడే ఉన్నాయి. ఒక కాగితం మీద మీ ఊరు పేరు రాసి, ఏ కాలంలో ఏ తాలూకా, ఏ జిల్లా అని నాలుగు వరుసలు రాసుకొని జేబులో పెట్టుకోండి. కౌంటరు దగ్గర మీరు అడిగే ప్రశ్న అప్పుడే సరిగా ఉంటుంది.

ఇంకో చిక్కు, మనం ఊరనుకునేది రెవెన్యూ లెక్కలో ఊరు కాకపోవచ్చు. మన వైపు ఫలానా వారిపల్లె, ఫలానా కండ్రిగ, ఫలానా ఇండ్లు అని పది ఇళ్లకో పేరుంటుంది, ఇవన్నీ ఏదో ఒక రెవెన్యూ గ్రామానికి శివార్లు. భూమి ఆ పెద్ద గ్రామం పేరు మీదే నమోదవుతుంది. మా పల్లె పేరుతో నేను ఎక్కడ అడిగినా “అలాంటి ఊరు లేదు సార్” అన్నారు. నిజంగానే వాళ్ల పుస్తకంలో లేదు.

ఈ పని దగ్గర మాత్రం జనాభా లెక్కలు బాగా పనికొస్తాయి. 1951 నుంచి ప్రతి జిల్లాకూ అచ్చువేసిన సెన్సస్ హ్యాండ్‌బుక్ ఉంది, సెన్సస్ శాఖ వెబ్‌సైట్లో స్కాన్ చేసినవి దొరుకుతాయి. అందులో తాలూకా వారీగా ప్రతి రెవెన్యూ గ్రామం, దాని విస్తీర్ణం, ఇళ్లెన్ని, మనుషులెందరు అని ఉంటుంది. మీ తాత పుట్టిన ఊళ్లో 1951లో 38 ఇళ్లే ఉన్నాయని తెలిస్తే ఆ ఊళ్లో ఒకే ఇంటిపేరు వాళ్లంతా ఒకే చెట్టు కొమ్మలై ఉండటానికి ఎంత అవకాశమో మీకే అర్థమవుతుంది. ఊరు పక్కన బేచిరాక్ అని రాసి ఉంటే మనుషులెవరూ కాపురం లేని గ్రామం అని అర్థం. భూమి ఒక ఊళ్లో, ఇల్లు పక్క ఊళ్లో అన్నమాట, అప్పుడు రెండు ఊళ్లూ వెతకాలి.

నంబరు పట్టుకోండి

సర్కారు వారి మీభూమి వెబ్‌సైట్లో మీ ఊరి 1-బీ (ఎవరి పేరు మీద ఏ భూమి ఉందో చెప్పే లెక్క), అడంగల్ (ఏ నంబరు ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే లెక్క) తెరిచి ఇప్పుడు ఎవరి పేరు మీద ఏ సర్వే నంబరు ఉందో రాసుకోండి. అమ్మేసిన భూమైనా పరవాలేదు, చేను ఎక్కడుందో చూపించేవాళ్లుంటే ప్రస్తుత రైతు పేరుతో నంబరు దొరుకుతుంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తయిన ఊళ్లలో పాత సర్వే నంబర్ల బదులు భూమి ముక్కకొకటి (ల్యాండ్ పార్సెల్) చొప్పున ఎల్‌పీ నంబర్లు వచ్చాయి. మీకు కావాల్సింది పాత నంబరు, కాబట్టి ఈ ఎల్‌పీ నంబరుకు పాతది ఏదని గ్రామ సర్వేయరును అడిగి పక్కపక్కన రాసుకోండి.

ఇప్పుడు ఆ నంబరును జాగ్రత్తగా చూడండి. ఉదాహరణకు 215/2ఏ1 అనుకుందాం. మొదట 215 అంతా ఒకటే కమతం. ఎప్పుడో అది 1, 2గా చీలింది, ఆ 2 మళ్లీ ఏ, బీగా చీలింది, ఏ మళ్లీ చీలింది. ప్రతి చీలిక వెనకా అమ్మకమో, అన్నదమ్ముల భాగాలో ఉంటాయి. భాగాలైతే ఆ నంబరే మీ వంశవృక్షం, కాకపోతే పేర్లు రాయలేదు అంతే. ఎఫ్‌ఎంబీ అనే కొలతల పటం తీసుకుంటే ఆ చీలికలు గీతలుగా కనిపిస్తాయి. మాది మూడు సమానమైన పొడుగు ముక్కలుగా, మూడూ కాలవకు తగిలేలా చీలి ఉంది. నీళ్ల కోసం అలా చీల్చుకునేది అన్నదమ్ములే. ముగ్గురని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు, ఇద్దరనే చెప్పుకునేవాళ్లం.

తహసీల్దారు ఆఫీసులో ఏం అడగాలి

“మా పూర్వీకుల రికార్డులు కావాలండీ” అని మాత్రం అడగొద్దు. ఆస్తి తగాదా అనుకొని వెంటనే ముఖం మార్చేస్తారు. ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, ఆర్‌ఎస్‌ఆర్ నకలు కావాలి అని అడగండి. ఆర్‌ఎస్‌ఆర్ అంటే రీసర్వే సెటిల్‌మెంటు రిజిస్టరు, కొందరు డైగ్లాట్ అంటారు, తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉంటాయి కాబట్టి ఆ పేరు. ప్రతి నంబరుకు భూమి రకం, విస్తీర్ణం, తీర్వ (శిస్తు), పట్టా నంబరు, పట్టాదారు పేరు అందులో ఉంటాయి. దాని తర్వాత పాత అడంగళ్లు, 10(1) అనే పట్టాదారుల వారీ ఖాతా అడగండి. అడంగల్లో ఆ ఏడు ఎవరు సాగు చేశారో, ఏం పంట వేశారో ఉంటుంది. పట్టాదారు ఒకడు, సాగుదారు ఇంకొకడు అని కనిపిస్తే ఆగి ఆలోచించండి, తండ్రి చనిపోయినా పట్టా మార్చుకోకుండా కొడుకు దున్నుతున్న ఏళ్లు అవే అయ్యుండొచ్చు.

మామూలుగా అడిగితే కుదరకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. “లేదు” అన్నా సరే రాతపూర్వకంగా తీసుకోండి, అది చూపించి పై ఆఫీసులో అడగొచ్చు. ఒక ఆఫీసులో నాకు మూడు నెలలు తిప్పి చివరికి బీరువా తాళం దొరకలేదన్నారు, తర్వాత వచ్చిన కుర్ర ఉద్యోగి పది నిమిషాల్లో తీసి ఇచ్చాడు. అదృష్టం కూడా కావాలి ఈ పనికి.

ఊరి భూమి లెక్కలు రాసే కర్ణాలను, శిస్తు వసూలు చేసే మునసబులను 1984లో తీసేశారు. లెక్కలన్నీ అప్పగించమన్నారు గానీ అన్నీ అప్పగించారని నేననుకోను. పాత కర్ణం గారి మనవడు ఊళ్లో ఉంటే ఒకసారి మర్యాదగా పోయి కూర్చోండి. అటక మీద దుమ్ము పట్టిన కట్టలుండొచ్చు. అవి గొలుసుకట్టు రాతలో ఉంటాయి, అక్షరం అక్షరం కలిసిపోయి, చెయ్యి ఎత్తకుండా రాసింది. మొదట్లో ఒక్క ముక్కా అర్థం కాదు. తెలిసిన పేరు ఒకటి, తెలిసిన ఊరు ఒకటి అందులో గుర్తుపట్టి, ఆ అక్షరాలతో మిగతావి పోల్చుకుంటూ పోతే నెల రోజుల్లో చదువు వస్తుంది. తెలుగు అంకెలు కూడా నేర్చుకోండి. వీసం అంటే పదహారో వంతు, పరక అంటే ఎనిమిదో వంతు, భాగాల లెక్క ఇవి తెలియకపోతే తేలదు.

ఫసలీ, సంవత్సరం పేరు

పాత లెక్కల్లో 1935 అని ఉండదు, ఫసలీ 1345 అని ఉంటుంది, ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జులై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. కాబట్టి ఫసలీ 1345 అంటే 1935 జులై నుంచి 1936 జూన్ దాకా. దస్తావేజుల్లో తెలుగు సంవత్సరం పేరు కూడా ఉంటుంది, విజయ నామ సంవత్సరం అంటే 1893 కావొచ్చు, 1953 కావొచ్చు, 2013 కావొచ్చు. పక్కన ఫసలీ 1303 ఉంటే 1893 అని తేలిపోతుంది. ముసలివాళ్లు చెప్పే గుర్తులూ ఇలాగే పనికొస్తాయి. ధాత కరువు అని ఎవరైనా అంటే 1876లో మొదలైన పెద్ద కరువు, ఆ ఏడు ధాత నామ సంవత్సరం.

సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, ఇక్కడే అసలు కథ

రెవెన్యూ రికార్డు మీకు పేరు ఇస్తుంది. మనిషిని ఇచ్చేది దస్తావేజు. ఆన్‌లైన్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకుముందుది కావాలంటే ఆఫీసుకు పోయి చేత్తో వెతికించాలి. రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే 1వ పుస్తకం, దాని ఇండెక్సులు ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, మీకు ఆస్తిలో హక్కు ఉందని చూపించనక్కర్లేదు. ఇది చాలామందికి తెలియదు, అక్కడ కూర్చున్నవాళ్లలో కూడా. ఇండెక్సు 1 మనుషుల పేర్లతో ఉంటుంది, ఇండెక్సు 2 ఊరు, ఆస్తి వారీగా. రెండో దాంతో మొదలుపెట్టండి, సర్వే నంబరు మీ చేతిలో ఉంది కదా.

దొరికిన ప్రతి దస్తావేజుకూ సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. చదివేటప్పుడు ఎంతకు అమ్మారన్నది పక్కన పెట్టి ఈ నాలుగు చోట్ల కళ్లు పెట్టండి. మొదటిది పైన ఉండే పరిచయం, ఫలానావాడి కుమారుడు, కులం, జీవనం, కాపురం ఉండే ఊరు. రెండోది మైనర్లు. ఉమ్మడి ఆస్తి కొనేవాడు రేపు కొడుకులు అడ్డం తిరుగుతారేమోనని భయపడి మైనరు పిల్లలను కూడా చేర్పించేవాడు, “మైనర్ల తరఫున తండ్రియు సంరక్షకుడును” అని, పిల్లల పేర్లు, వయసులతో సహా. పుట్టిన ఏడాది తేల్చుకోవడానికి అంతకన్నా మంచి కాగితం మా ఇంట్లో ఎవరికీ దొరకలేదు. మూడోది ఎందుకు అమ్ముతున్నామో చెప్పే మాటలు, తండ్రి చేసిన అప్పు, చెల్లెలి పెళ్లి, కోర్టు డిక్రీ. నాలుగోది చెక్కుబందీ.

చెక్కుబందీ అంటే నాలుగు హద్దులు. తూర్పున ఫలానా వాని మడి, పడమర వంక, దక్షిణం ఫలానా వాని భూమి, ఉత్తరం బాట. ఆ ఫలానా వాళ్లు ఎవరో కాదు, చాలాసార్లు అన్నదమ్ములే, భాగాలు పంచుకున్నాక చేలు పక్కపక్కనే ఉంటాయి కదా. 1912 దస్తావేజులో తూర్పు హద్దుగా ఒక పేరు, 1931లో అదే హద్దుకు ఇంకో పేరు ఉంటే ఆ పంతొమ్మిదేళ్లలో ఒకాయన పోయి కొడుకు వచ్చాడన్నమాట, లేదా భూమి చేతులు మారింది. నేను ఒక పెద్ద చార్టు మీద చెరువు గీసి, దాని కింద మడులు గీసి, ఒక్కో దస్తావేజు చూసినప్పుడల్లా హద్దుల పేర్లు పెన్సిలుతో ఎక్కించుకుంటూ వచ్చాను. ఇరవై దస్తావేజులయ్యేసరికి ఊరు మొత్తం చుట్టరికాలు నా గోడ మీదున్నాయి. మా ఆవిడ దాన్ని చూసి ఇంటికి వచ్చినవాళ్లకు ఏమని చెప్పాలో తెలియక తలుపు వేసేది.

సాక్షి సంతకాలు కూడా వదలొద్దు. వియ్యంకులు, బావమరదులు సాక్షులుగా రావడం మామూలే, వాళ్ల ఊళ్ల పేర్లు పక్కనే ఉంటాయి.

నూరు రూపాయల లోపు విలువ చేసే భూమి అమ్మకానికి అప్పట్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరిగా ఉండేది కాదు, ఆ రోజుల్లో నూరు రూపాయలంటే తక్కువ కాదు. అన్నదమ్ముల భాగాలు తెల్లకాగితం మీద రాసుకున్నవీ, నోటి మాటతో పోయినవీ బోలెడు. కాబట్టి ఏమీ దొరకకపోతే ఏమీ జరగలేదనుకోవద్దు.

మన వైపు ఇంకో సంగతి. చిత్తూరు, పుత్తూరు, నగరి, సత్యవేడు చుట్టుపక్కల పాత దస్తావేజులు తమిళంలో ఉండటం వింతేమీ కాదు. తమిళ లిపిలో క, గ ఒకటే, ప, బ ఒకటే, ట, డ ఒకటే. గోవిందుడు కోవిందన్ అయిపోతాడు, బాలయ్య పాలయ్య అవుతాడు. ఇండెక్సులో రెండు అక్షరాల కిందా వెతకండి. ఇంటిపేరు అసలు లేకుండా తండ్రి పేరు మొదటి అక్షరమో, ఊరి పేరు మొదటి అక్షరమో ముందు పెట్టుకునే అలవాటు కూడా ఇక్కడ ఉంది, ఇనీషియల్ చూసి ఇంటిపేరని పొరబడొద్దు.

మాన్యాలు, జమీన్లు

మీ పెద్దలకు మాన్యం ఉండేదని ఇంట్లో చెప్పుకుంటే మీ పంట పండినట్టే. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది, ఆ తర్వాతి ఏళ్లలో ఊరూరా మాన్యాలన్నీ విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టరు రాశారు. అందులో మాన్యం మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, వయసెంత, మొదట పొందినవాడికి ఏమవుతాడు అని గడులున్నాయి. అంటే ఒకే వరుసలో రెండు మూడు తరాలు. పూజారి మాన్యమే కాదు, మంగలి, చాకలి, తలారి, తోటి, నీరుగంటి, చెరువు బాగోగులు చూసినందుకు ఇచ్చిన దశబంధం, అన్నీ ఉన్నాయి. గ్రామం పేరు, ఉంటే టైటిల్ డీడ్ నంబరు చెప్పి నకలు అడగాలి.

కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు, కంగుంది జమీన్ల కింద ఉన్న ఊళ్ల దారి వేరు. అక్కడ రైతు శిస్తు కట్టింది జమీందారుకు. జమీన్ కాగితాలు, పట్టాలు, ముచ్చిలికాలు (రైతు రాసిచ్చిన ఒప్పంద పత్రాలు) ఎక్కడ మిగిలాయో చెప్పడం కష్టం. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక రైతులకు 11వ సెక్షన్ కింద రైత్వారీ పట్టాలిచ్చారు, అంటే శిస్తు నేరుగా సర్కారుకే కట్టే పట్టాలు, ఆ సెటిల్‌మెంటు ఫైళ్లే మనకు మొదటి గట్టి మెట్టు.

తగాదాలు మంచివే

కోర్టుకు ఎక్కిన కుటుంబం అదృష్టవంతుల కుటుంబం, ఈ ఒక్క పనికి మాత్రం. భాగాల దావా వేస్తే దావా కాగితంలో వంశవృక్షం గీసి పెట్టాలి, దత్తత ఉంటే దాని మీద పేజీలకు పేజీలు సాక్ష్యం ఉంటుంది. పైకోర్టు దాకా పోయినవాటి తీర్పులు ఇప్పుడు ఇండియన్ కానూన్ లాంటి సైట్లలో ఉచితంగా చదవొచ్చు. 1954 జులై దాకా మన జిల్లా అప్పీళ్లు మద్రాసు హైకోర్టుకే పోయాయి, కాబట్టి మద్రాసు తీర్పుల్లో వెతకండి, ఊరి పేరును ఇంగ్లీషులో నాలుగు రకాల స్పెల్లింగులతో.

భూమి లేనివాళ్లు, సముద్రం దాటినవాళ్లు

ఇప్పటిదాకా చెప్పిందంతా సెంటో గుంటో ఉన్నవాళ్లకు. సొంత భూమి లేని కుటుంబాలను రెవెన్యూ లెక్క చాలావరకు పట్టించుకోలేదు, అది నిజం. అయినా డీకేటీ పట్టా (సర్కారు భూమి పేదలకు ఇచ్చే పట్టా) ఎప్పుడైనా వచ్చి ఉంటే దాని ఫైలు అడగండి. క్రైస్తవ కుటుంబాలైతే చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు అమెరికన్ ఆర్కాటు మిషన్ చర్చిల బాప్తిస్మ రిజిస్టర్లు ఉండొచ్చు. పాత ఓటరు జాబితాలో ఇంటి నంబరు వారీగా తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉంటాయి. జనన మరణ రిజిస్టర్లు చూస్తే పుట్టినప్పుడు పేరు ఉండదు, “మగ శిశువు” అని, తండ్రి పేరు మాత్రం ఉంటుంది. బడి అడ్మిషన్ రిజిస్టరు వీటన్నిటికన్నా సులువు, హెడ్మాస్టరు మంచివాడైతే.

1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలి ఒప్పందం మీద పోయినవాళ్లలో మన ఉత్తర ఆర్కాటు మనుషులు చాలామంది. ఆ ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు ఉంటాయి. ఊరి పేరు మాత్రం గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు, బయటికి చదివి చూస్తే గానీ మన ఊరని తెలియదు.

ఒకే పేరు, ఇద్దరు మనుషులు

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒక తరం వదిలి ఒక తరం అవే పేర్లు తిరుగుతాయి. తండ్రి పేరు చూసినా తేలదు, రెండు తరాలు దాటితే తండ్రీ కొడుకుల పేర్లు మళ్లీ అదే జత. నేను పక్క ఊరి మనిషి ఒకాయనను మా ముత్తాత అనుకొని ఆరు నెలలు వెంటబడ్డాను, పేరూ తండ్రి పేరూ రెండూ సరిపోయాయి. మా ముత్తాత 1918 విషజ్వరాల్లో పోయాడని ఇంట్లో అందరికీ తెలుసు, ఈయన 1926లో నిక్షేపంగా చేను అమ్మాడు. అప్పటి నుంచి ఒక కట్టడి పెట్టుకున్నాను. ఫలానావాడు ఫలానావాడి కొడుకు అని రాసుకోవాలంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు కాగితాలు అదే మాట చెప్పాలి. ఒకటే ఉంటే పెన్సిలు, రెండుంటే పెన్ను.

వరుసలో ఉన్నట్టుండి ఇంటిపేరు మారితే కంగారుపడొద్దు. ఇల్లటం అల్లుడు వచ్చి ఉంటాడు, మన వైపు రెడ్ల, కమ్మల ఇళ్లలో కొడుకులు లేకపోతే అల్లుడిని తెచ్చుకొని ఆస్తి ఇవ్వడం కోర్టులు కూడా ఒప్పుకున్న ఆచారం. లేకపోతే దత్తత.

ఆడవాళ్ల పేర్లు దొరకడమే అన్నిటికన్నా కష్టం. పట్టాలో ఉండరు, అడంగల్లో ఉండరు. పసుపు కుంకుమ కింద కూతురికి రాసిన దస్తావేజుల్లో, భర్త పోయినవాళ్లకు ఇచ్చిన మనోవర్తి దస్తావేజుల్లో ఉంటారు. మా ముత్తాత భార్యను ఇంట్లో అందరూ పెద్దవ్వ అనేవాళ్లు, పేరు ఎవరికీ తెలియదు. 1919లో ఆయన అన్నదమ్ములు ఆమెకు చెరువు కింద అరవై సెంట్లు మనోవర్తికి రాసిచ్చిన కాగితం ఇండెక్సు 2 తిరగేస్తుంటే దొరికింది. అన్నదమ్ముల్లో మూడో ఆయన ఉన్నాడని నాకు ఎఫ్‌ఎంబీ చెప్పింది కదా, ఆయన సంతకమూ అందులో ఉంది. ఒకే వరుసలో ఆమె పేరు, తండ్రి పేరు, పుట్టిల్లు. ఆ పుట్టింటి ఊరు పుత్తూరు దగ్గర, కార్వేటినగరం జమీన్‌లోది. అక్కడి సెటిల్‌మెంటు ఫైళ్ల కోసం పోయిన నెలలో దరఖాస్తు పెట్టాను, ఇంకా పిలుపు రాలేదు.